కబురు రాకుంటే తూము దించాలె

డబ్బా మూత తీయగానే వెచ్చటి గాలి ముఖానికి తగిలింది. పొద్దున మక్తల్‌లో పట్టించిన జొన్నపిండి బస్సెక్కి మహబూబ్‌నగర్‌లోని మా వంటింటి గట్టు మీదికి చేరేసరికి మధ్యాహ్నమైంది. అయినా లోపల చెయ్యి పెడితే అడుగున ఇంకా గోరువెచ్చగానే ఉంది. పచ్చి జొన్న వాసన, దాని వెనకే గిర్ని రాయి వేడెక్కిన వాసన. పిండిలో చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాను. అంతలో గట్టు మీద ఫోను గురగురమంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం దాదాపు రోజూ వచ్చే సందేశమే. "ఇప్పుడు కరెంటు వీధి దాటదు. ఇంట్ల పని ఉంటే చేసుకోండి." ఆ మాటలు ఎస్తేరు మేడంవి. ఆమె పోయాక కూడా మక్తల్‌లో ఒక వీధి వీధంతటికీ అవి రోజూ చేరుతున్నాయి. ఆ వీధిలో ఇల్లు లేకపోయినా, వాటిని పంపే సాఫ్ట్‌వేర్ రాసినదాన్ని కాబట్టి నాకూ చేరుతున్నాయి. ఆమెను చూడనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈ రోజు పిండి వాసన తగిలాక ఇంక వాయిదా వేయబుద్ధి కాలేదు.

ముందు మా పని ఏమిటో చెప్పాలి, లేకపోతే ఆమె ఎలాంటి మనిషో తెలియదు. ఇంటి మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టుకున్నవాళ్ళు తాము వాడుకోగా మిగిలిన కరెంటును తీగల్లోకి తిరిగి పంపుతారు, పంపినంత మేరకు వాళ్ళ బిల్లు తగ్గుతుంది. మంచిదే. కానీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద చాలా ఇళ్ళు నడిమధ్యాహ్నం అందరూ కలిసి పంపితే తీగల్లో వోల్టేజీ పొంగుతుంది. ట్యూబులైట్లు గుయ్యిమంటాయి, ఫ్రిజ్జులు కాలిపోతాయి. ముఖ్యంగా వీధి చివరి ఇంటికి దెబ్బ. అక్కడ వోల్టేజీ అందరికంటే ముందు హద్దు దాటుతుంది, దాటగానే ఆ ఇంటి ఇన్వర్టర్ తనంత తానే ఆగిపోతుంది. మొదటి ఇళ్ళు హాయిగా పంపుతూనే ఉంటాయి, చివరి ఇల్లు ఎండను చూస్తూ కూర్చుంటుంది. అందుకని కరెంటు డిపార్ట్‌మెంటు నుంచి ఒక హద్దు వస్తుంది, ఇప్పుడు మీ వీధి నుంచి ఇంతకు మించి పంపొద్దని. ఆ మాట విని ఇంట్లోని ఇన్వర్టర్‌ను తగ్గించేది ఒక చిన్న పెట్టె. ఆ పెట్టెలోని సాఫ్ట్‌వేర్ రాయడమే మా ఉద్యోగం.

ఎస్తేరు మేడం కరెంటు డిపార్ట్‌మెంటులోనే ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. రిటైరైనవాళ్ళు చేసే పనులేవీ చేయకుండా, మహబూబ్‌నగర్‌లో ఒక గాజుల దుకాణం పైన రెండు గదులు కిరాయికి తీసుకుని ఈ కంపెనీ పెట్టారు. నేను ఉద్యోగానికి వెళ్ళినరోజు ఆమె నన్ను కంప్యూటర్ గురించి ఒక్క ముక్క అడగలేదు. ముందు రాత్రంతా చదువుకుని పోయానేమో, నాకు లోపల మండిపోతోంది. నాకు ముక్కు మీదే కోపం, ఇప్పటికీ అంతే. ఆమె మాత్రం టీ నా వైపు జరిపి, మాది ఏ ఊరని అడిగారు. మేళ్లచెరువు అన్నాను, నాయిన సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పనికి పోయేవాడన్నాను. అప్పుడు అడిగారు, "మీ వాడకట్టుల నల్లా నీళ్ళు మొదటింటికి ముందు వస్తుండెనా? మీ ఇల్లు యాడుండె?"

మా ఇల్లు చివర్లో ఉండేది. అమ్మ తెల్లవారుజామునే బిందెలు వరసగా పెట్టి కూర్చునేది. మొదటి ఇళ్ళవాళ్ళు ముంగిళ్ళు కడుక్కుని, బర్రెలను కడిగి, ఇంక చాలనుకున్నాక మా నల్లాకు దారం లాంటి ధార వచ్చేది. ఒక బిందె నిండకుండానే ఆగిపోయేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానో తెలియకుండానే చెప్పేశాను. మేడం కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ, "అయితే నీకు పని చెప్పుడు అల్కగుంటది. రేపు రా బిడ్డా," అన్నారు. నేను మెట్లు దిగుతూ ఇదేం ఇంటర్వ్యూ అనుకున్నాను. కిందికొచ్చాక గాజుల దుకాణం ముందు నిలబడి, ఎందుకో తెలియదు, అమ్మకు ఫోన్ చేసి ఇవాళ నల్లా వచ్చిందా అని అడిగాను.

ఆఫీసులో ఆమెకు ఒకటే ప్రశ్న ఉండేది. నేను రాసిన ప్రతిదాన్నీ ఓపికగా వినేవారు, మధ్యలో ఆపేవారు కాదు, చివర్లో మాత్రం "మరి చివరింటి సంగతేంది?" అనేవారు. మొదట్లో నాకు చిరాకు వచ్చేది. టిఫిన్ డబ్బా విప్పుతున్నప్పుడు నేనే ముందుగా, "మేడం, మీ పప్పు బాగుంది, మరి చివరింటి సంగతేంది?" అని వెక్కిరించేదాన్ని. ఆమె నవ్వి, సగం పప్పు నా గిన్నెలో వేసేవారు. ఆమె కోప్పడగా నేను చూడలేదు. కోపం వచ్చినప్పుడు మాట తగ్గించేవారు, గొంతు కూడా తగ్గించేవారు. ఎదుటివాళ్ళు వినడానికి ముందుకు వంగాల్సి వచ్చేది. నాకైతే ఆమె అరిస్తేనే నయమనిపించేది.

మా ఇద్దరికీ గట్టిగా వాదన జరిగింది ఒకే విషయంలో. పెట్టెకు పై నుంచి మాట ఫోన్ సిగ్నల్ మీద వస్తుంది. సిగ్నల్ పోతే పెట్టె ఏం చేయాలి? ఆఖరున చెప్పిన హద్దే పట్టుకుని నడవాలని నేను, అలా కాదు తగ్గిపోవాలని ఆమె. సిగ్నల్ పోవడం జనం తప్పు కాదు కదా, వాళ్ళ కరెంటెందుకు పోగొట్టాలని నేను గొంతు పెంచాను. ఆమె ఆ వచ్చే ఆదివారం తనతో నందికొండ రమ్మన్నారు, అక్కడి చర్చిలో ప్రార్థన ముగిశాక కాలువ చూపిస్తానన్నారు.

ఆమె పుట్టి పెరిగింది నందికొండలోనే. వాళ్ళ తాతలకు సెంటు భూమి లేదు, అక్కడి డ్యామ్ కట్టేటప్పుడు రాళ్ళు మోయడానికి వచ్చి అక్కడే నిలిచిపోయారు. వాళ్ళ నాయిన కాలువ మీద లస్కర్. అంటే తూముల తలుపులు ఎత్తడం, దించడం, కాలువ గట్టు కాచుకోవడం అతని పని. ఆ ఆదివారం మేడం నన్ను ఒక పాత తూము దగ్గర నిలబెట్టారు. ఇనుప చక్రం తుప్పు పట్టి ఉంది. ఆమె దానిమీద చెయ్యి వేసి చెప్పిన సంగతి ఇది. పై నుంచి నీళ్ళు ఎంత వస్తున్నాయో, ఎంత వదలాలో రోజూ మనిషి సైకిల్ మీద వచ్చి చెప్పేవాడట. వానలప్పుడు దారి తెగితే ఆ మనిషి వచ్చేవాడు కాదు. అలాంటప్పుడు వాళ్ళ నాయిన తలుపును సగానికి పైగా దించేవాడట. చిన్నప్పుడు ఈమె అడిగిందట, నీళ్ళు బాగానే వస్తున్నాయి కదా, ఎందుకు దించుతున్నావని.

"నాయిన ఏమన్నడో చెప్పనా? కబురు రాకుంటే తూము దించాలె బిడ్డా. మొత్తం మూయద్దు, మూస్తే కిందోళ్ళ పంట ఎండుతది. ఎత్తి పెట్టద్దు, గట్టు తెగుతది. జరంత దించి, కబురు కోసం సూడాలె."

ఇది చెబుతూ ఆమె కాలువ వైపు చూస్తున్నారు, నా వైపు కాదు. వాదనలో గెలిచిన మొహం కాదది. వాళ్ళ నాయినను తలుచుకుంటున్న మొహం. సోమవారం పొద్దున కూర్చుని రాసింది మార్చాను. సిగ్నల్ తెగితే పెట్టె ఆగదు, పెంచదు, మెల్లగా కింది హద్దుకు దిగి అక్కడ కాచుకుంటుంది.

అప్పటికి మా పెట్టెలు బల్లల మీదే పనిచేస్తున్నాయి. నిజమైన వీధిలో పెట్టి చూసే అవకాశం మక్తల్‌లో వచ్చింది. వచ్చింది అనడం కంటే బాలమణి తెచ్చింది అనాలి. బాలమణిది ఆ వీధిలో చివరి ఇల్లు. ముందుగదిలో చిన్న గిర్ని. ఆ చుట్టుపక్కల జొన్నరొట్టె లేనిదే పొద్దు గడవదు కాబట్టి గిరాకీకి లోటు లేదు. కానీ కరెంటు బిల్లు భరించలేక మూసేద్దామనుకున్న సమయంలో ఇంటి మీద సోలార్ పెట్టుకుంది. ఆ గిర్ని మీదే ఇల్లు గడుస్తోంది. అప్పటికే వీధిలో చాలా ఇళ్ళ మీద ప్యానెళ్ళున్నాయి. మధ్యాహ్నమయ్యేసరికి వోల్టేజీ పొంగి, వీధివాళ్ళు ఫిర్యాదు చేస్తే, డిపార్ట్‌మెంటు నుంచి లైన్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇంత మోయలేదు, అందరికంటే ఆఖరున పెట్టుకున్నవాళ్ళది తీసేయాల్సి ఉంటుందన్నాడు. ఆఖరున పెట్టుకున్నది బాలమణే. అతను మంచివాడే. నియమం అది, అతను చేయగలిగింది లేదు. ఎండాకాలం పోయేలోపు వీధి మొత్తం హద్దులో ఉండగలిగితే తీయక్కర్లేదని కూడా అతనే చెప్పాడు, మేడం పేరు కూడా అతనే చెప్పాడు.

మేమిద్దరం మొదటిసారి పోయినప్పుడు బాలమణి కనుబొమ్మల దాకా పిండితో ఉంది. నడుముకు కొంగు దోపుకుని, బస్తా ఎత్తి గిర్నిలో పోస్తూనే మాతో మాట్లాడింది. ఆమెకు మా మీద ఆశ ఉందో లేదో తెలియలేదు. పోయేముందు మాత్రం మేడం చెయ్యి పట్టుకుంది. "ఇది ఊడబీకితే నేను గిర్ని బంద్ చెయ్యాలె మేడం. బంద్ చేస్తే నాకింకో పని రాదు," అంది. మేడం ఏదో ఒక ధైర్యం చెబుతారనుకున్నాను. "మాట ఇయ్యలేను బాలమణీ. పని మాత్రం చేస్త," అన్నారు. బయటికొచ్చాక నేను, కాస్త ధైర్యం చెబితే ఏం పోయేదని అడిగాను. ఆమె బస్టాండు దాకా గబగబా నడిచారు.

ఆ వీధి అంతటికీ హద్దు ఒకటే వస్తుంది. ఇళ్ళ మధ్య ఎలా పంచాలన్నది మాకే వదిలేశారు. అక్కడే మేడం ఒక పొరపాటు చేశారు. కాలువల దగ్గర పెరిగిన మనిషి తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు. వంతులు పెట్టారు. కాలువ కింద ఒక రోజు ఈ రైతుకు, ఒక రోజు ఆ రైతుకు నీళ్ళు వదిలినట్టు, ఒక్కో రోజు ఒక్కో ఇల్లు మిగిలిన కరెంటంతా పంపుకోవచ్చు, తక్కినవాళ్ళు ఇంట్లోకి సరిపడా మాత్రం చేసుకోవాలి. వీధివాళ్ళు ఎగిరి గంతేశారు. ఇన్వర్టర్లు, వోల్టేజీలు ఎవరికీ అర్థం కాలేదుగానీ వంతు అంటే అర్థం కానివాడెవడు? నాకూ బాగుందనిపించింది. ఇంతకంటే న్యాయం ఏముంటుంది?

తర్వాత ఏమైందో చెబితే నవ్వొస్తుంది. వంతుల మార్పిడి మొదలైంది. ఆఫీసుకు ఫోన్లే ఫోన్లు. మా ఇంట్లో పెండ్లి ఉంది, ఆ రోజు ఇంట్లోకే కరెంటంతా కావాలె, నా వంతు పక్కింటికి ఇచ్చి వాళ్ళది నాకు ఎల్లుండికి మార్చమని ఒకరు. ఎల్లమ్మ పండుగకు ఊరికి పోతున్న, నా వంతు మా బావకు రాయమని ఒకరు. నేను రోజంతా వంతులు మారుస్తూ కూర్చునేదాన్ని, మేడం మాత్రం ముచ్చటగా వినేవారు. చిన్నప్పటి కాలువ గట్టు మళ్ళీ వచ్చినట్టుంది ఆమెకు.

బాలమణి వంతు వచ్చిన రోజు మబ్బు పట్టింది. ఎండాకాలంలో అప్పుడప్పుడూ పట్టే మబ్బే. మళ్ళీ తిరిగి ఆమె వంతు వచ్చిన రోజు కూడా పట్టింది. ఆమె ఫోన్ చేయలేదు, ఎవరితోనూ మార్చుకోలేదు. మేమే మామూలుగా చూసిపోదామని వెళ్ళాము. బయట చల్లటి గాలి, ఆకాశం బూడిదరంగులో ఉంది. గిర్ని ఆపి ఉంది. ఆమె గడప మీద కూర్చుని చేటలో జొన్నలు ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది, "ఊడబీకినా గింతే గదా మేడం."

మేడం గిర్ని అరుగు మీద కూలబడ్డారు. చీరంతా పిండి అయిందని కూడా చూసుకోలేదు. తర్వాత మేడం గొంతు తగ్గించి, దాదాపు తనలో తానే అన్నట్టు, "నీళ్ళు చెరువుల నిలుస్తయి. ఎండ నిలువదు. నాకీ సోయి లేకపాయె," అన్నారు. లేచారు. ఆ వీధిలో ప్యానెళ్ళున్న ప్రతి ఇంటి గడపా ఎక్కారు. నేను వెంటే ఉన్నాను. ప్రతిచోటా కూర్చుని, ఇచ్చిన నీళ్ళు తాగి, ఒకటే మాట. వంతులు పెట్టుడు తప్పయింది, ఆ తప్పు నాది, ఇంకో తీరుగ చేస్త, జర ఓపిక పట్టుండ్రి. అంత చదివిన మనిషి, అంత పెద్ద ఉద్యోగం చేసిన మనిషి, ఏ ఇంట్లోనూ కారణాలు చెప్పలేదు. చివరికి మళ్ళీ బాలమణి ఇంటికొచ్చి ఆ మాటే చెప్పారు. బాలమణి ఆమెను పైనుంచి కిందికి చూసి, "చీర దులుపుకో అక్కా," అంది. ఆ రోజు నుంచి మేడం ఆ వీధికి ఎస్తేరక్క అయ్యారు. నేను బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, కళ్ళు తడిసినట్టు ఆమెకు కనబడకూడదని.

కొత్త తీరు ఇది. వంతులు లేవు. హద్దు వచ్చిన క్షణాన అందరూ కలిసి తగ్గాలి, కానీ మొదటి ఇళ్ళు కాస్త ఎక్కువ, చివరి ఇల్లు కాస్త తక్కువ. చివర్లో వోల్టేజీ ఎంత ఉందో బాలమణి ఇంటి పెట్టె చెబుతుంది, దాన్నిబట్టి మొదటి ఇళ్ళ పెట్టెలు తగ్గుతాయి. ఇంకొక సంగతి కూడా ఉంది. హద్దు బయటికి పంపేదానికే, ఇంట్లో వాడుకునేదానికి లేదు. కాబట్టి ఆ సమయంలో ఎవరైనా బోరు మోటారో, గిర్నో వేసుకుంటే కరెంటు వృథా కాదు, తీగలకూ ఊపిరి ఆడుతుంది. ఈ మాట జనానికి ఫోన్‌లో చెప్పాలి. నేను ఒక సందేశం రాశాను, "ఎగుమతి పరిమితి ప్రస్తుతం అమలులో ఉన్నది" అని. మేడం దాన్ని పైకి చదివి, "ఇది ఎవరితోని మాట్లాడుతున్నవ్ బిడ్డా? కలెక్టరుతోనా?" అన్నారు. కీబోర్డు తన వైపు జరుపుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఇప్పుడు కరెంటు వీధి దాటదు, ఇంట్ల పని ఉంటే చేసుకోండి అని రాశారు. ఇంట్ల అని కాదు, ఇంట్లో అని ఉండాలి కదా అన్నాను. వీధిలో అందరూ ఎట్లంటరో అట్లనే ఉండనీ అన్నారు. సిగ్నల్ లేనప్పుడు సందేశానికి బదులు వెలిగేలా పెట్టె మీద ఒక పసుపు దీపం కూడా పెట్టించారు.

వీధి మొదటింటి నర్సింలు సారు ఒప్పుకోలేదు. ఆయన రిటైరైన టీచరు. పక్కా లెక్క మనిషి. ముందుగా పెట్టుకున్నది నేను, నాదెందుకు ఎక్కువ తగ్గాలన్నారు. అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నేనైతే వోల్టేజీ గీతలు చూపించి వాదించేదాన్ని. మేడం మాత్రం, ఇంట్లో జొన్నలు పట్టించాల్సినవి ఉన్నాయా సారూ అని అడిగారు. మర్నాడు మధ్యాహ్నం, కొత్త తీరు ఇంకా పెట్టకముందే, ఆయన సంచి చంకన పెట్టుకుని బాలమణి గిర్నికి వచ్చారు. బాలమణి ముందుగా ఆయనకు మజ్జిగిచ్చింది. బయట ఎండ మండిపోతోంది. గోడ మీద ఇన్వర్టర్ టిక్కుమని ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది, మళ్ళీ టిక్కుమంది. ఆయన మజ్జిగ గ్లాసు పట్టుకుని ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు. "నా ఇంటికాడ నుంచి వచ్చేదేనా ఇది?" అని నెమ్మదిగా అడిగారు. మేడం అవునన్నారు, అంతే. పిండి పట్టడం అయ్యాక ఆయన లేస్తూ, మాది ఎంత తగ్గించాలో తగ్గించుకోండ్రి అన్నారు.

అక్కడినుంచి మిగిలిన ఎండాకాలమంతా మధ్యాహ్నాలు నడిచిన తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషమే. సందేశం రాగానే బాలమణి "అక్క చెప్పింది" అని గిర్ని వేసేది. ఆ వేళకే జొన్నలు తెమ్మని అందరికీ చెప్పుకుంది. పొద్దున వచ్చినవాళ్ళలో తొందర లేనివాళ్ళ సంచులు కూడా వరసగా పెట్టించి, మధ్యాహ్నం పట్టేది. నర్సింలు సారు ఆ సమయానికి మోటారు వేసి చెట్లకు నీళ్ళు పెట్టేవారు. మా సాఫ్ట్‌వేర్ చేసిన పని కంటే వీళ్ళు చేసిన పనే ఎక్కువేమో.

ఇన్‌స్పెక్టర్ ఆఖరిసారి చూడటానికి వచ్చేనాటికి మేడం మంచానపడ్డారు. కడుపులో ఏదో ఉందని హైదరాబాదులో దవాఖానలో చేర్పించారు. నన్ను ఒక్కదాన్నే పొమ్మన్నారు. ముందురోజు సాయంత్రం గాలిదుమారం వచ్చి మక్తల్‌లో ఫోన్ టవర్ పనిచేయడం లేదు. నేను వీధిలో దిగి ఫోన్ చూసుకున్నాను. ఒక్క గీత లేదు. పై నుంచి ఏ మాటా పెట్టెలకు అందదు. ఒకింటి మాట ఇంకొకింటికి కూడా అందదు. ఎండ మాత్రం నిప్పులు చెరుగుతోంది. ఈ రోజు వోల్టేజీ పొంగిందంటే బాలమణి ప్యానెళ్ళు దిగిపోతాయి, ఆమె గిర్ని మూతపడుతుంది, దవాఖానలో ఉన్న మనిషికి నేను ఏమని చెప్పను?

ఇన్‌స్పెక్టర్ బాలమణి ఇంట్లో తన మీటరు పెట్టి కూర్చున్నాడు. గోడ మీద పెట్టెకు పసుపు దీపం వెలిగింది. బాలమణి దాన్ని చూసింది, పోయి గిర్ని వేసింది. మేమందరం ఆ మీటరు వైపే చూస్తూ నిలబడ్డాం. అంకె కొంచెం ఎక్కింది, దిగింది, మళ్ళీ కొంచెం ఎక్కి అక్కడే నిలిచింది. ఎండ నడినెత్తి దాటి పడమటికి వాలేదాకా అతను లేవలేదు. అంకె హద్దు దాటలేదు. ఆఖరున వైర్లు చుట్టుకుంటూ, "సిగ్నలే లేదు గదమ్మా, మరి దీనికి తగ్గాలని ఎవరు చెప్పిండ్రు?" అని అడిగాడు. చెప్పేవాళ్ళు లేకపోతే తగ్గాలని ముందే నేర్పిందెవరో అతనికి చెప్పాను. అతను తల ఊపి, బాలమణితో మీది ఉండనీ అమ్మా అన్నాడు. బాలమణి పిండి చేతులతోనే నన్ను గట్టిగా పట్టుకుంది. నా నల్ల చున్నీ మీద ఆ చేతి గుర్తులు పడ్డాయి, ఇంటికి పోయాక కూడా ఉతకాలనిపించలేదు.

సిగ్నల్ కోసం రోడ్డు దాకా ఆటోలో వచ్చి మేడంకు ఫోన్ చేశాను. గొంతు బాగా నీరసంగా ఉంది. నేను నోరు తెరిచేలోపు, "టవర్ పోయిందంట గదా, పెట్టె దిగిందా?" అన్నారు. ఎవరో ముందే చెప్పినట్టున్నారు. దిగింది మేడం, బాలమణిది ఉంచారు అన్నాను. "చివరింట్ల గిర్ని నడుస్తాందా?" అన్నారు. నడుస్తోందని చెప్పి రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. నాకు ఏడవడానికి సిగ్గేమీ లేదు.

వానాకాలం రాకముందే ఆమె పోయారు. నందికొండలోనే సమాధి. మక్తల్ వీధి వీధంతా బండి మాట్లాడుకుని వచ్చింది. నర్సింలు సారు తెల్ల చొక్కాలో, బాలమణి నేనెప్పుడూ చూడని పట్టుచీరలో. పాస్టరు ప్రార్థన అయ్యింది, అందరూ గుప్పెడు గుప్పెడు మట్టి వేశారు. ఎవరూ కదలడం లేదు. ఎండ నెత్తి మీద ఉంది. అప్పుడు బాలమణి చేతిసంచిలో ఫోను గురగురమంది. నర్సింలు సారు జేబులో, ఆయన పక్కన నిలబడ్డవాళ్ళ జేబుల్లో, నా చేతిలో, అన్నీ ఒకేసారి. బాలమణి ఫోను తీసి, కళ్ళు చికిలించి, పైకే చదివింది. "ఇప్పుడు కరెంటు వీధి దాటదు. ఇంట్ల పని ఉంటే చేసుకోండి." ఎవరో వెక్కిళ్ళు పెట్టారు, అందులో నవ్వూ ఉంది. బాలమణి కొంగుతో ముఖం తుడుచుకుని, "అక్క ఇంటికి పొమ్మంటాంది. నడువుండ్రి," అంది. అందరం కదిలాం.

కంపెనీ ఇప్పుడు పెద్దదైంది. చాలా ఊళ్ళలో మా పెట్టెలున్నాయి. కొత్తగా చేరినవాళ్ళు ఆ సందేశంలో ఇంట్లో అని దిద్దుదామంటారు, నేను దిద్దనివ్వను. వాళ్ళు ఏది రాసుకొచ్చినా ఓపికగా వినడానికి ప్రయత్నిస్తాను, చివర్లో మాత్రం చివరింటి సంగతి అడుగుతాను. వాళ్ళ మొహాల్లో చిరాకు చూస్తే నాకు లోపల ముచ్చటేస్తుంది. నా కోపం ఎక్కడికీ పోలేదు. కానీ మా సొంత అక్కతో మాటా మాటా పెరిగి వారాల తరబడి మాటల్లేనప్పుడో, మావారు ముభావంగా తిరిగినప్పుడో, ఇదివరకైతే తలుపులు దడదడ మూసేసేదాన్ని. ఇప్పుడు కొంచెం దించుకుని కాచుకుంటున్నాను. అన్నిసార్లూ చేతకాదు, చేతనైనప్పుడు ఆమె గుర్తొస్తారు.

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఇందాక వచ్చిన సందేశం ఫోన్ మీద ఇంకా అలాగే ఉంది, దాన్ని తుడిచేయలేదు. ఆ మాటలు వస్తూనే ఉంటాయి కానీ మేడం నుంచి ఇంక కబురు రాదని నాకు తెలుసు. అలా తెలిసిన మొదటి రోజుల్లో లోపల అంతా మూసేసుకుందామనే అనుకున్నాను. మొత్తం మూస్తే కిందోళ్ళ పంట ఎండుతుందని చెప్పింది కూడా ఆమే కదా. మరిగే నీళ్ళు పిండిలో పోశాను. ఆవిరి లేచింది, మక్తల్ వాసన వంటిల్లంతా నిండింది. చివరింట్లో గిర్ని నడుస్తోంది మేడం అని పైకే అనుకుని, చేతులు తడుపుకుని రొట్టె తట్టడం మొదలుపెట్టాను.